అగాథా క్రిస్టీ

అపరాధ పరిశోధక నవలా రచయిత్రులలో అగ్రగణ్యురాలు అగాథా క్రిస్టీ. ఆమె 1890 సెప్టెంబరు 15న ఇంగ్లాండులోని టార్కీ పట్టణంలో జన్మించింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆసుపత్రి ఔషధశాలలో పనిచేస్తూ విషపదార్థాలను గురించి ఆమె గడించిన పరిజ్ఞానమే 1920లో వెలువడిన తొలి నవలకు పునాది అయింది.

1939లో ప్రచురితమై, అనంతరం ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’ అనే పేరుతో ప్రసిద్ధికెక్కిన నవలలో ఒంటరి దీవికి చేరిన పదిమందీ ఒకరి వెంట ఒకరు మరణిస్తారు. కథ చెప్పడానికైనా ఎవరూ మిగలరు. దానిని నాటకంగా మలచేటప్పుడు ఇదే పెద్ద సమస్య అయింది. రంగస్థలంపై రహస్యాన్ని వెల్లడించేదెవరు? అందుకై ఆమె ఇద్దరిని బ్రతికించి, ముగింపును తానే మార్చింది. 1943లో ఆ నాటకం లండనులో ప్రదర్శితమైంది.

1976 జనవరి 12న ఆమె కన్నుమూసింది. 2005లో ఆ నవల కంప్యూటర్ ఆటగా రూపొందింది. అందులో ఆటగాడు దీవిలో సంచరిస్తూ, ఆధారాలు సేకరించి, చిక్కుముడులు విప్పాలి. అయితే నవల చదివినవారికి హంతకుడెవరో ముందే తెలుసు. విడుపు తెలిసిన పొడుపుకథలో ఉత్కంఠ ఎక్కడిది? అందుచేత రూపకర్తలు పడవ నడిపే యువకుని పదకొండవ వ్యక్తిగా దీవిలో నిలిపి, హంతకునే మార్చివేశారు. మూలరచనకు ఇది అపచారమని కొందరికి తోచవచ్చు. కాని ప్రక్రియ మారినప్పుడు ముగింపు సైతం మారవచ్చునని తొలుత నిరూపించినది ఆ రచయిత్రియే.