హెన్రీ మాడ్‌స్లీ

హెన్రీ మాడ్‌స్లీ (ఆగష్టు 22, 1771 - ఫిబ్రవరి 14, 1831) ఇంగ్లండుకు చెందిన యంత్ర నిర్మాత. లోహపు కడ్డీలపై మరలు కోసే లేత్‌ను కర్మాగారాలలో నిత్యం వాడదగిన యంత్రంగా తీర్చిదిద్దినవాడిగా ప్రసిద్ధుడు. లేత్‌ను ఇతడే కనిపెట్టాడని అక్కడక్కడా వ్రాస్తుంటారు గాని, అది సరికాదు.

బాల్యం

మాడ్‌స్లీ లండన్ సమీపంలోని వూల్విచ్‌లో జన్మించాడు. తండ్రి సైన్యంలో పనిచేస్తూ గాయపడి, ఆ తరువాత వూల్విచ్ ఆయుధాగారంలో గిడ్డంగి ఉద్యోగిగా చేరాడు. 1780లో తండ్రి మరణించాడు. మాడ్‌స్లీ పన్నెండవ ఏట అదే ఆయుధాగారంలో తూటాలలో మందు కూరే పనికి కుదిరాడు. రెండేళ్ళ తరువాత వడ్రంగి పనిలోకి, పదిహేనవ ఏట కమ్మరి కొలిమిలోకి మారాడు. అతనికి ఇష్టమైన పని ఇదే.

బ్రామా వద్ద

ఆ రోజులలో లండన్‌లో జోసెఫ్ బ్రామా అనే యంత్రవేత్త ఒక కొత్తరకం తాళాన్ని రూపొందించాడు. అయితే దాని భాగాలను చేతితో చేయించడం ఖర్చుతో కూడిన పని. పద్దెనిమిదేళ్ళ మాడ్‌స్లీని పనిలో పెట్టుకోగా, అతడు ఆ భాగాలను తయారుచేసే పనిముట్లనే నిర్మించి ఇచ్చాడు. అతడు 1790లో చేసిన ఒక తాళాన్ని తెరిచినవారికి 200 గిన్నీలు ఇస్తామని బ్రామా దుకాణంలో ప్రదర్శనకు ఉంచారు. 1851 వరకు ఎవరూ తెరవలేకపోయారు. ఆ ఏడాది హాబ్స్ అనే అమెరికా దేశస్థుడు 16 రోజుల వ్యవధిలో 51 గంటలు శ్రమించి తెరిచాడు.

1791లో సారా టిండెల్‌తో వివాహమైంది. కర్మాగారానికి పెద్ద మేస్త్రీ అయిన తరువాత కూడా అతని జీతం వారానికి 30 షిల్లింగులే. పెంచమని 1797లో అడిగితే బ్రామా నిరాకరించాడు. మాడ్‌స్లీ బయటకు వచ్చి వెల్స్ వీధిలో సొంత దుకాణం పెట్టుకున్నాడు. బ్రామా ఆ కొద్దిపాటి సొమ్ముకు చూసుకొని తన కర్మాగారంలో అందరికంటే నేర్పరి అయిన పనివాడిని పోగొట్టుకున్నాడు.

మరలు కోసే లేత్

తరిణె పట్టేవాడు తిరుగుతున్న కర్రకు ఉలిని చేతితో ఆనించి చెక్కుతాడు. ఏటికొప్పాక లక్కబొమ్మల తయారీలో నేటికీ ఈ పద్ధతి చూడవచ్చు. మెత్తని అంకుడు కర్రకు ఇది సరిపోతుంది. ఇనుముపై మాత్రం చేయి నిలవదు, కోత సమంగా రాదు. మాడ్‌స్లీ ఉలిని చేతినుండి తప్పించి, పట్టాలపై జరిగే ఒక బిగింపులో అమర్చాడు. ఆ బిగింపును పొడవైన ఒక మరకడ్డీ ముందుకు నడుపుతుంది. 1800 ప్రాంతపు నమూనాలో మరకడ్డీని పళ్ళచక్రాలతో ఇరుసుకు కలిపాడు. చక్రాలు మార్చితే, ఒకే మరకడ్డీతో వేర్వేరు దూరాల మరలు కోయవచ్చు.

ఈ భాగాలలో ఏదీ పూర్తిగా కొత్తది కాదు. ఫ్రాన్సులో వాకాన్‌సన్, సెనో, ఇంగ్లండులో రామ్స్‌డెన్ ఇటువంటి ప్రయత్నాలు చేశారు. అమెరికాలో డేవిడ్ విల్కిన్‌సన్ 1798లో పేటెంటు పొందాడు. వాటన్నిటినీ దృఢమైన లోహపు చట్రంపై ఒకచోట కూర్చి, కచ్చితత్వాన్ని సాధించడమే మాడ్‌స్లీ ఘనత. అంతకుముందు ప్రతి మరమేకుకు దాని నట్టును విడిగా జతచేసేవారు. యంత్రాన్ని విప్పినపుడు ఏ నట్టు ఏ మేకుదో గుర్తు పెట్టుకోకపోతే తిరిగి బిగించడం అసాధ్యమయ్యేది. మాడ్‌స్లీ తన కర్మాగారంలోనైనా మరలకు ఒక కొలత, ఒక క్రమం ఏర్పరచాడు.

పనివారి బల్లలపై సమతలమైన లోహపు పలకలు ఉంచి, తమ పనిని వాటితో సరిపోల్చుకోమనేవాడు. అంగుళంలో పదివేలవ వంతును కొలిచే మైక్రోమీటరును తయారుచేసి, కొలతల తగవులలో తుది తీర్పు దానిదే గనుక లార్డ్ ఛాన్సలర్ అని పేరు పెట్టాడు. నేడు పాత లేత్‌ను కొని బాగుచేసేవారు కూడా పలకకు నీలిరంగు పూసి, పట్టాలపై ఎత్తుగా ఉన్నచోట్లను గోకి సమం చేస్తారు. కొనేముందు చక్‌కు దగ్గరగా పట్టాలు, మరకడ్డీ ఎంత అరిగాయో చూస్తారు. ఎక్కువ పని జరిగేది అక్కడే.

పోర్ట్స్‌మత్ యంత్రాలు

తెరచాప నౌకలకు కప్పీలు వేల సంఖ్యలో కావాలి. బ్రిటిష్ నౌకాదళానికి ఏటా దాదాపు లక్ష కప్పీలు అవసరమయ్యేవి. వాటిని యంత్రాలతో చేసే పద్ధతిని మార్క్ బ్రూనెల్ రూపొందించగా, నలభైకి పైగా యంత్రాలను మాడ్‌స్లీ నిర్మించాడు. 1808 నాటికి ఉత్పత్తి ఏటా 1,30,000కు చేరింది. 110 మంది చేసే పనిని పది మంది చేయసాగారు. ఆ పది మందికీ పాతవారి నైపుణ్యం అక్కరలేదు. పోర్ట్స్‌మత్ పేరు చెప్పేటపుడు ఈ సంగతి సాధారణంగా విడిచిపెడతారు.

శిష్యులు, చివరి రోజులు

1810లో కర్మాగారాన్ని లాంబెత్‌కు మార్చాడు. అక్కడ ఆవిరి యంత్రాలు, థేమ్స్ నది కింద సొరంగం త్రవ్వడానికి బ్రూనెల్ రూపొందించిన కవచం తయారయ్యాయి. రిచర్డ్ రాబర్ట్స్, జోసెఫ్ క్లెమెంట్, జేమ్స్ నాస్మిత్, జోసెఫ్ విట్‌వర్త్ ఇతనివద్ద పనిచేసినవారే. విట్‌వర్త్ 1841లో దేశమంతటికీ పనికివచ్చే మరల కొలతలను ప్రతిపాదించాడు. పాత బ్రిటిష్ లేత్‌లను బాగుచేసేవారికి నేటికీ విట్‌వర్త్ పానాలు కావలసి వస్తాయి.

1831 జనవరిలో ఫ్రాన్సు నుండి తిరిగివస్తూ ఇంగ్లీష్ ఛానల్‌లో చలికి జబ్బుపడి, నాలుగు వారాలకు మరణించాడు. వూల్విచ్ చర్చి ఆవరణలో సమాధి చేశారు. ఆ సమాధిని లాంబెత్ కర్మాగారంలోనే పోత ఇనుముతో పోశారు. అతని మరలు కోసే లేత్ లండన్ సైన్స్ మ్యూజియంలో భద్రపరచబడింది.