నోరులేని జీవుల వైద్యుడు – జాన్ బాయిడ్ డన్లప్



మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములలో రబ్బరు టైర్ల ఎడ్లబండి నెరుగనివారు లేరు. పలకరాయి, చొప్ప, ఎరువు మోయుచు ఆ బండ్లు ఎన్నో ఏండ్లు మన త్రోవలలో తిరిగినవి. ఇప్పుడు ట్రాక్టర్లు వచ్చి బండ్లు తగ్గినను, టైర్లమీద అచ్చుపోసియుండిన డన్లప్ అను పేరు మన పెద్దలకు గుర్తుండును. అది కంపెనీ పేరని మాత్రమే మనము తలంతుము. అది ఒక మనిషి పేరనియు, ఆయన పశువైద్యుడనియు ఎరిగినవారు మనలో బహు కొద్దిమంది. కనుక ఈ నెల ఆయన జీవితమును జ్ఞాపకము చేసికొందము.

జాన్ బాయిడ్ డన్లప్ గారు 1840వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీన స్కాట్లండు దేశములోని డ్రెగ్‌హార్న్ అను ఊరిలో వ్యవసాయదారుల యింట జన్మించిరి. నెలలు నిండకయే పుట్టిన బిడ్డయని తలిదండ్రులు చెప్పగా విని, జీవితమంతయు ఆరోగ్యము విషయములో జాగ్రత్తగా నుండిరి. ఎడిన్‌బరో నగరములో పశువైద్యము చదివి, ఆ వృత్తిలో దాదాపు పదేండ్లు పనిచేసి, 1867లో ఐర్లండునకు తరలివెళ్లిరి. అక్కడ డౌన్‌పాట్రిక్ అను పట్టణములో తన సహోదరుడైన జేమ్సుతో కలిసి పశువుల వైద్యశాల నెలకొల్పిరి. 1871లో మార్గరెట్ స్టీవెన్సన్ అను ఆమెను వివాహమాడిరి. వారికి ఒక కుమార్తె, ఒక కుమారుడు కలిగిరి. తరువాత బెల్ఫాస్టు నగరములో మే వీధియందు వైద్యశాల పెట్టగా, 1880ల నడుమకు అది ఐర్లండులోని మిక్కిలి పెద్ద పశువైద్యశాలలలో ఒకటియాయెను.

పశువైద్యుని పని సులభమైనది కాదు. మనుష్యుడు తన నొప్పి యెక్కడనో నోటితో చెప్పుకొనును. బిలాము గాడిదకు నోరు తెరువబడినట్లు ప్రతి పశువునకు తెరువబడదు గదా! నడకలోని కుంటును చూచి, వ్రేలాడు చెవిని చూచి, ముట్టని మేతను చూచి వైద్యుడే దాని బాధను తెలిసికొనవలెను. ఆ దినములలో మోటారు బండ్లు లేవు. పట్టణములోని సరకంతయు గుఱ్ఱములే లాగవలెను. రాళ్లు పరచిన వీధులు, ఇనుప పట్టా వేసిన చక్రములు, వెనుక మోయరాని బరువు. అట్టి గుఱ్ఱములకు వైద్యము చేయుచు డన్లప్ గారు నలుబదియేడవ యేట ప్రవేశించిరి. వారు ఏదియో క్రొత్తది కనిపెట్టవలెనని వెదకిన శాస్త్రజ్ఞులు కారు. తమ పని తాము చేసికొను గృహస్థులు.

వారి చిన్న కుమారునికి మూడు చక్రముల సైకిలు ఒకటి యుండెను. దానికి గట్టి చక్రములుండుటచేత గరుకు వీధులలో త్రొక్కుట పిల్లవానికి కష్టముగా నుండెను. మనలో ఎందరు తండ్రులు అట్టి మాటను చెవిని వేసికొందుము? డన్లప్ గారు వేసికొనిరి. 1887వ సంవత్సరము అక్టోబరులో పలుచని రబ్బరు రేకుతో గొట్టము చేసి, గాలి నింపి, రమారమి మూడడుగుల వెడల్పుగల కఱ్ఱ చక్రము చుట్టును బిగించిరి. తమ యింటి పెరటిలో ఆ చక్రమును, సైకిలు చక్రమును ఒక్కమారే దొర్లించిరి. సైకిలు చక్రము నడుమనే ఆగిపోయెను. గాలి చక్రము పెరడంతయు దాటి, వాకిటి స్తంభమునకు కొట్టుకొని వెనుకకు ఎగిరెను. అప్పుడు పిల్లవాని సైకిలు వెనుక చక్రములు రెంటికిని గాలి టైర్లు తొడిగిరి.

దీని కిటుకు బండి తోలినవారికి సులభముగా తెలియును. ఇనుప పట్టా చక్రమునకు రాయి అడ్డము వచ్చినచో, బండియంతయు ఆ రాతిమీదికి ఎక్కి దిగవలెను. ఆ దెబ్బ ఇరుసునకును, కాడికిని, ఎద్దు మెడకును తగులును. గాలి టైరు రాతిని తనలోనికి ఒదిగించుకొని దాటిపోవును. కుదుపు తగ్గును, లాగుటకు కావలసిన బలమును తగ్గును.

1888 డిసెంబరు 7వ తేదీన డన్లప్ గారికి పేటెంటు హక్కు లభించెను. 1889 మే 18వ తేదీన బెల్ఫాస్టులో జరిగిన పందెములలో విలియం హ్యూమ్ అను యువకుడు గాలి టైర్ల సైకిలుతో నాలుగు పందెములును గెలిచెను. హార్వే డుక్రాస్ అను వ్యాపారి దాని విలువ గ్రహించి, డన్లప్ గారితో కలిసి డబ్లిన్ నగరములో కంపెనీ నడిపించెను.

అయితే రెండేండ్లు గడువకమునుపే కష్టము వచ్చెను. రాబర్ట్ విలియం థామ్సన్ అను మరియొక స్కాట్లండు దేశస్థుడు 1840లలోనే గాలి చక్రమునకు పేటెంటు పొందియుండెను. ఆ సంగతి డన్లప్ గారెరుగరు. వారి పేటెంటు చెల్లదని తీర్పాయెను. ఇది వారికి అన్యాయమని మేము చెప్పజాలము. ముందు కనిపెట్టినవానికి ఆ ఘనత చెందవలసినదే. కాని మరుగున పడిన దానిని పనికివచ్చునట్లు చేసి లోకమునకు అందించినవారు డన్లప్ గారే. 1895లో వారు కంపెనీనుండి తప్పుకొనిరి. మరుసటి సంవత్సరమే ఆ వ్యాపారము 30 లక్షల పౌనులకు అమ్ముడుపోయెను. ఆ గొప్ప ఐశ్వర్యములో వారికి దక్కినది స్వల్పమే.

అంతటితో ముగియలేదు. వృద్ధాప్యములో తమ పేరు పెట్టుకొన్న కంపెనీమీదనే న్యాయస్థానమునకు వెళ్లవలసివచ్చెను. ప్రకటనలలో వారి ముఖమును వాడుకొని, సోకుగాని వేషములో బొమ్మ వేసిరని వారి ఫిర్యాదు. ధనము పోయినందుకు కాక, సాధారణ మనిషిగా బ్రదికిన తమ్మును నవ్వులపాలు చేసినందుకు వారు నొచ్చుకొనిరని మాకు తోచుచున్నది. 1921 అక్టోబరు 23వ తేదీన డబ్లిన్‌లోని తమ యింట కన్నుమూసిరి.

1936లో బెంగాలులోని సాహాగంజ్ వద్ద డన్లప్ టైర్ల కర్మాగారము వెలసెను. దేశమంతట ఎడ్లబండ్లకు రబ్బరు టైర్లు వచ్చినవి. ఒక పిల్లవానికొరకు చేసిన మేలు ఈ విధముగా మన ఎద్దులదాకా వచ్చెను.

అయితే ఒక మాట అడుగుదము. బండి తేలికయైనప్పుడు ఆ తేలిక ఎద్దుకు దక్కెనా? టైర్లు వచ్చినవి గదా యని ఎన్నిచోట్ల బరువు రెట్టింపు చేయలేదు? మెడ పుండు మానకమునుపే ఎన్ని ఎద్దులు మరల కాడిక్రిందికి పోలేదు? వైద్యుడు చేసిన మేలును యజమాని యాశ మ్రింగివేయగలదు. ఇప్పటికిని ఇసుకకో, రాతికో బండి కట్టువారు మన గ్రామములలో ఉన్నారు. అట్టివారు బరువు ఎక్కించునప్పుడు ఒకమారు బండి ముందుకు వచ్చి, ఎద్దు మెడను చేతితో తడవి చూడవలెను. ఇంటిలో పిల్లవాడు నాకు కష్టముగా నున్నదని చెప్పునప్పుడు పని ఆపి వినవలెను. డన్లప్ గారి జీవితములో మనము నేర్చుకొనదగినది ఈ రెండే. ఇవి ధనము లేనివారికిని సాధ్యమే.