మాతృమూర్తి మేడమ్ క్యూరీ

మేడమ్ క్యూరీ పేరు వినని విద్యార్థి మన పాఠశాలలో ఉండడు. ఆమె రేడియమును కనుగొన్న విదుషీమణి యనియు, రెండు పర్యాయములు నోబెల్ బహుమానమును పొందినదనియు సామాన్యశాస్త్ర పాఠములో ప్రతివారును చదివియే యుందురు. అయినను, ఆమె ఇద్దఱు ఆడబిడ్డల తల్లి యనియు, ఇంటి జమాఖర్చులను స్వయముగా వ్రాసికొనెడిదనియు, పరభాషాప్రాంతమున నివసించుచు తన బిడ్డలకు మాతృభాషను నేర్పించినదనియు ఎఱిగినవారు కొలదిమంది మాత్రమే. మా విద్యార్థుల తల్లులలో అనేకులు ఉదయముననే ఇల్లు చక్కబెట్టి పనికి పోయి, దీపాలవేళకు తిరిగి వచ్చువారు. తాము పనికి పోవుటచే బిడ్డలకు లోటు జరుగుచున్నదేమో యను దిగులును మేము వారి ముఖములందు పలుమారు చూచితిమి. అందుచే ఆ మహనీయురాలి చరిత్రమును శాస్త్రజ్ఞురాలి చరిత్రముగా కంటె ఒక తల్లి చరిత్రముగా ఇచ్చట చెప్పదలచితిమి.

ఆమె పుట్టింటి పేరు మరియా స్క్లోడోవ్‌స్కా. 1867 వ సంవత్సరము నవంబరు 7 వ తేదిని పోలండు దేశమందలి వార్సా నగరమున జన్మించెను. ఐదుగురు సంతానములో కడగొట్టు బిడ్డ. తండ్రి గణిత భౌతికశాస్త్రములను బోధించు ఉపాధ్యాయుడు. తల్లి బాలికల పాఠశాలను నడిపిన ఉపాధ్యాయిని. ఆ తల్లికి క్షయరోగము సోకగా, అది బిడ్డలకు అంటునేమో యను భయముచే ఆమె వారిని ముద్దాడుటయే మానుకొనెను. ఇంటిఖర్చు తగ్గించుటకై చెప్పులు కుట్టు పని నేర్చికొని, పిల్లల పాదరక్షలను తన చేతులతోనే కుట్టెడిది. పాఠశాలను నడిపిన స్త్రీ చెప్పులు కుట్టుటకు సిగ్గుపడలేదు. 1876 లో పెద్దక్క విషజ్వరముచేతను, 1878 లో తల్లి క్షయచేతను మరణించిరి. అప్పటికి మరియాకు పదియేండ్ల వయస్సు.

ఆ కాలమున పోలండు స్వతంత్రదేశము కాదు. వార్సా రష్యా చక్రవర్తి పాలనలో ఉండెను. పాఠశాలలయందు రష్యను భాషకే గాని పోలిష్ భాషకు తావు లేదు. అయినను మరియా చదివిన పాఠశాలలో ఉపాధ్యాయులు పోలండు చరిత్రమును పోలిష్ భాషలో రహస్యముగా బోధించుచుండిరి. తనిఖీ అధికారి వచ్చుచున్నాడని గంట సంకేతము వినబడగానే పుస్తకములు మాయమయ్యెడివి. బాలికలు కుట్టుపని చేతబట్టి కూర్చుండెడివారు. అధికారి ప్రశ్నలకు తఱచుగా మరియాయే రష్యను భాషలో తడబాటు లేక సమాధానము చెప్పవలసివచ్చెడిది. ఇంట ఒక భాష, బడిలో వేఱొక భాష యను స్థితి మన విద్యార్థుల పూర్వులకును తెలిసినదే. మనకు మన భాషలో చదువుకొను హక్కు కలదు. ఆ బాలికకు అదియును లేకుండెను.

1883 లో ఆమె స్వర్ణపతకముతో ఉన్నతపాఠశాల విద్య ముగించెను. అచ్చటి విశ్వవిద్యాలయమున స్త్రీలకు ప్రవేశము లేదు. పారిస్ నగరమునకు పోయి చదువుటకు తండ్రివద్ద ధనము లేదు. అంతట అక్కయైన బ్రోన్యాయును, మరియాయును ఒక ఒడంబడిక చేసికొనిరి. ముందుగా అక్క పారిస్ పోయి వైద్యవిద్య చదువవలెను. చెల్లెలు ఉద్యోగము చేసి ఆమెకు డబ్బు పంపవలెను. తరువాత అక్క చెల్లెలిని చదివింపవలెను. ఈ మాట ప్రకారము మరియా 1886 లో దూరపు పల్లెటూరిలో ఒక సంపన్నుల యింట పిల్లలకు చదువు చెప్పు ఉద్యోగమున చేరెను. పనివేళలు గడచిన పిమ్మట ఆ ఊరి రైతుబిడ్డలను చేరదీసి వారికి పోలిష్ అక్షరములు నేర్పెను. అధికారులకు తెలిసినచో కఠినశిక్ష తప్పదని ఎఱిగియే ఈ పని చేసినది. 1891 లో ఆమె పారిస్ చేరెను. సోర్బోన్ విశ్వవిద్యాలయమున 1893 లో భౌతికశాస్త్రపట్టపరీక్షయందు ప్రథమస్థానమును, 1894 లో గణితశాస్త్రమున ద్వితీయస్థానమును పొందెను.

1895 వ సంవత్సరము జూలై 26 వ తేదిని ఆమె శాస్త్రజ్ఞుడైన పియేర్ క్యూరీని వివాహమాడెను. పెండ్లికి తెల్లని పట్టుబట్టలు వలదని, తరువాత ప్రయోగశాలలో ధరించుటకు పనికివచ్చు ముదురు నీలపు దుస్తులనే ఎంచుకొనెను. బహుమతిగా వచ్చిన ధనముతో దంపతులు రెండు సైకిళ్లు కొని, వానిపై పల్లెసీమలలో తిరిగి వచ్చిరి. కాపురమునకు వచ్చునాటికి ఆమెకు వంట సరిగా రాదు. పరీక్షలకు చదివినట్లే దానిని పట్టుదలతో నేర్చికొనెను. సన్నని సెగపై తమంతట ఉడుకు వంటకములను పొయ్యిమీద నుంచి ప్రయోగశాలకు పోయెడిది. ఖర్చుపెట్టిన ప్రతి కాసును జమాఖర్చుల పుస్తకములో వ్రాసెడిది.

1897 సెప్టెంబరు 12 వ తేదిని పెద్దకుమార్తె ఐరీన్ జన్మించినది. కొలదిదినములకే పియేరు తల్లి కాలధర్మము నొందెను. అంతట పియేరు తండ్రి డాక్టరు యూజెన్ క్యూరీ కొడుకు ఇంటికి వచ్చి, మనుమరాలి పోషణభారమును సంతోషముతో వహించెను. అయినను తల్లిమనస్సు నెమ్మదిగా ఉండునా? తాతగారు రాకపూర్వము, ప్రయోగశాలలో పనిచేయుచు చేయుచు, దాది బిడ్డను ఉద్యానవనములో ఎచ్చటనైన పోగొట్టినదేమో యని మేరీ హఠాత్తుగా కలతచెంది పరుగెత్తుకొని పోయెడిది. బిడ్డ బండిలో క్షేమముగా ఉన్నదని కన్నులార చూచి మరల పనికి వచ్చెడిది. ఇది చదివినపుడు మాకు మన ఊరి తల్లులే స్ఫురణకు వచ్చిరి.

ఆ తల్లి ఒక పుస్తకమున బిడ్డ బరువును, త్రాగిన పాలను, మొలచిన పండ్లను తేదీలతోసహా వ్రాసియుంచినది. 1898 జూలై 18 వ తేదిని క్యూరీ దంపతుల క్రొత్త మూలధాతువు లోకమునకు ప్రకటింపబడెను. ఆనాడు ప్రపంచపటములో స్వతంత్రదేశముగా లేని తన మాతృభూమి పేర దానికి ఆమె పొలోనియమని నామకరణము చేసెను. అదే నెలలో, బిడ్డ నాలుగుకాళ్లపై చక్కగా ప్రాకుచున్నదనియు, చేతితో కృతజ్ఞత తెలుపుచున్నదనియు వ్రాసికొనెను. ఆ యేడే ఎనిమిది పౌనుల పుల్లపండ్లకు సమానముగా పంచదార కలిపి, ఉడికించి వడకట్టి, పదునాలుగు జాడీల మురబ్బా చేసిన విధమును వంటపుస్తకములో వ్రాసినది. అక్టోబరులో ఐరీన్ నడక నేర్చినది. డిసెంబరు 26 వ తేదిని రేడియము ఉనికి ప్రకటింపబడెను. తరువాతి జనవరి 5 వ తేదిని ఐరీనుకు పదునైదు పండ్లు వచ్చినట్లు వ్రాత కలదు. రేడియమును వెదకిన చేతులే బిడ్డ పండ్లను లెక్కపెట్టినవి. ఒకదాని వలన రెండవదానికి విలువ తగ్గలేదు.

ప్రకటించుట వేఱు, చేతికి చూపుట వేఱు. రేడియమును వేఱుచేయుటకు వారికి దొరికిన చోటు వానకు కారు ఒక పాత కొట్టము. బొహీమియా గనులనుండి పిచ్‌బ్లెండ్ అను ఖనిజపు వ్యర్థపదార్థమును బస్తాలతో తెప్పించి, ఒక్కొక్క పర్యాయము ఇరువదేసి కిలోగ్రాముల చొప్పున పెద్ద పాత్రలలో మరిగించుచు, తనయంత ఎత్తున్న ఇనుపకమ్మితో ఆమెయే కలియబెట్టెడిది. 1900 నుండి సెవ్ర్ గ్రామమందలి ఉపాధ్యాయినీ విద్యాలయమున పాఠములు చెప్పు ఉద్యోగమును గూడ చేసెను. రాత్రులందు ఐరీన్ నిద్రపోవువఱకు తల్లి మంచముప్రక్కన కూర్చుండవలసినదే. ఒకనాటి రాత్రి బిడ్డ నిద్రించిన పిమ్మట దంపతులిద్దఱును కొట్టమునకు నడచిపోయి, చీకటిలో నీలికాంతితో మెఱయు చిన్న గాజుపాత్రలను చూచి మౌనముగా కూర్చుండిరట. 1902 నాటికి సుమారు నాలుగేండ్ల శ్రమకు ఫలముగా లభించిన రేడియము లవణము గ్రాములో పదియవ వంతు. దాని తయారీవిధానమునకు హక్కుపత్రము పొందినచో ధనవంతులై యుండెడివారు. శాస్త్రము అందఱిదని భావించి దానిని వారు కోరలేదు.

1903 లో ఆమె డాక్టరు పట్టమును, భర్తతోను హెన్రీ బెకరెల్‌తోను కలసి భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానమును పొందెను. ఆ సంవత్సరముననే నెలలు నిండకయే పుట్టిన ఒక బిడ్డను పోగొట్టుకొని ఎంతయో కృంగిపోయెను. 1904 డిసెంబరు 6 వ తేదిని రెండవ కుమార్తె ఈవ్ జన్మించినది.

1906 ఏప్రిల్ 19 వ తేది వానదినము. వీథి దాటుచు పియేరు జారి గుఱ్ఱపుబండి చక్రము క్రింద పడి తక్షణమే మరణించెను. మేరీ వయస్సు ముప్పదియెనిమిది. ఐరీనుకు ఎనిమిదేండ్లు, ఈవుకు పదునాఱు నెలలు. ప్రభుత్వమువారు పింఛను ఇచ్చెదమనగా, తాను పనిచేసి బిడ్డలను పోషించుకొనగలనని ఆమె నిరాకరించెను. నవంబరు 5 వ తేదిని భర్త పాఠమును ఏ వాక్యముతో ఆపెనో ఆ వాక్యమునుండియే ఆరంభించి సోర్బోనులో ఉపన్యసించెను. అచ్చట బోధించిన ప్రథమమహిళ ఆమెయే. ఆ దుఃఖములో ఒక లోటును జరిగినది. భర్త పేరెత్తుట ఆమెకు దుస్సహమగుటచే, బిడ్డలతో వారి తండ్రినిగూర్చి మాటాడలేకపోయెను. 1910 లో మరణించువఱకు తాతగారే ఐరీనుకు ఆటలలో తోడై, చదువులో గురువై ఆ కొఱతను కొంత తీర్చిరి. తల్లి నిరాటంకముగా పనిచేయుటకు ఇంట మఱొకరు చేయూత నీయవలెననుటకు ఆ వృద్ధుడే నిదర్శనము.

బిడ్డల చదువును ఆమె ఇతరులకు వదలివేయలేదు. పిల్లలను దినమంతయు గదులలో బంధించుట ఆమెకు సరిపడలేదు. 1907 ప్రాంతమున సహోద్యోగులతో కలసి సుమారు పదిమంది పిల్లలకు తామే పాఠములు చెప్పు ఏర్పాటు చేసెను. ఒకరు రసాయనశాస్త్రము, ఒకరు గణితము, ఒకరు శిల్పము బోధింపగా, మేరీ భౌతికశాస్త్రమును ప్రయోగములతో నేర్పెను. ఇంట వ్యాయామము, తోటపని, కుట్టు, వంట నియమముగా జరుగవలసినదే. పోలండు దేశపు స్త్రీలను ఇంట నియమించి బిడ్డలకు పోలిష్ భాషను నేర్పించెను. బిడ్డలు ఫ్రెంచివారుగా పెరిగిరి. తల్లిభాషయు వారికి వచ్చెను. ఒకటి నేర్చుటకు మఱొకటి విడువవలసిన పనిలేదని ఆ ఇల్లు నిరూపించినది.

1911 లో ఫ్రెంచి విజ్ఞానపరిషత్తు కొద్ది వోట్ల తేడాతో ఆమెకు సభ్యత్వము నిరాకరించెను. పత్రికలు ఆమెను పరదేశి యని నిందించి, ఆమె స్వంతజీవితమును వీథి కెక్కించెను. ఆ యేడే ఆమెకు రసాయనశాస్త్రమున రెండవ నోబెల్ బహుమానము వచ్చెను. నిందలకు వెఱవక, అక్కను, పదునాలుగేండ్ల ఐరీనును వెంటబెట్టుకొని స్టాక్‌హోము పోయి బహుమానము స్వీకరించెను. తల్లి తలవంచని తీరును ఆ బిడ్డ కన్నులార చూచినది.

1914 లో ప్రపంచయుద్ధము రాగా, ఎక్స్-రే యంత్రములను అమర్చిన ఇరువది మోటారుబండ్లను, రెండువందల స్థిరకేంద్రములను సిద్ధపఱచెను. తానే మోటారు నడపనేర్చి యుద్ధభూమికి పోయెను. గాయపడిన సైనికుల శరీరములలో తుపాకిగుండ్లు ఎచ్చట నున్నవో చూపు ఆ పనిలో, ఇంకను ఇరువదేండ్లు నిండని ఐరీన్ తల్లికి కుడిభుజమయ్యెను. 1921 లో అమెరికా స్త్రీలు చందాలు ప్రోగుచేసి ఒక గ్రాము రేడియమును బహూకరించునపుడు, ఆమె తన కుమార్తె లిద్దఱితో పోయి దానిని అందుకొనెను. అది తన తరువాత బిడ్డల సొత్తు కాక ప్రయోగశాలకే చెందునట్లు దానపత్రమును ముందుగానే మార్పించెను.

1934 జనవరిలో ఐరీనును, ఆమె భర్త ఫ్రెడరిక్ జోలియోయును కృత్రిమ రేడియోధార్మికతను కనుగొనిరి. దానిని చూచి సంతసించు భాగ్యము ఆ తల్లికి దక్కినది. అదే సంవత్సరము జూలై 4 వ తేదిని ఆమె రక్తహీనతావ్యాధిచే తనువు చాలించెను. ఏండ్లతరబడి సోకిన కిరణములే అందుకు కారణమని వైద్యుల నిర్ణయము. మరుసటియేడు ఐరీన్ దంపతులకు నోబెల్ బహుమానము లభించెను. ఈవ్ శాస్త్రమార్గమున పోలేదు. సంగీతమును, రచనను ఎన్నుకొన్నది. తల్లి ఆమెను బలవంతపెట్టలేదు. 1937 లో ఈవ్ రచించిన తల్లి జీవితచరిత్ర జగత్ప్రసిద్ధమైనది. 1995 లో ఫ్రెంచి జాతి మేరీ అస్థికలను మహాపురుషుల సమాధిమందిరమగు పాంథియానునకు చేర్చెను. స్వకీయయోగ్యతచే ఆ గౌరవమును పొందిన ప్రథమమహిళ ఆమెయే. ఆమె ప్రయోగపుస్తకములు నేటికిని కిరణములను వెలువరించుచున్నవి.

తల్లులారా! బిడ్డచెంత గడపిన గంటలనుబట్టి మాత్రమే తల్లి ప్రేమను కొలువరాదు. ఉన్న కొద్దివేళలో బిడ్డ ఎన్ని అడుగులు వేసినదో గమనించు తల్లి బిడ్డకు దూరమైనది కాదు. బాలబాలికలారా! మీ తల్లి పనినుండి ఇల్లు చేరువేళకు ఒక బిందె నీరు పట్టియుంచుడు, చెల్లెలిని చదివింపుడు. ఆ ఇంట తాతగారు చేసిన పని మీరును చేయవచ్చును. రాత్రి భోజనమువేళ ఆనాటి పాఠమును తల్లికి తెలుగులో చెప్పుడు. ఆమె అలసట సగము తీరును. మన భాషయు మన ఇంట నిలుచును.