గణపతిదేవుని చెరువులు - నేటి నీటి వాటా

రాజుల చరిత్రలను యుద్ధములతో కొలుచుట మన పాత యలవాటు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి జీవితమును యుద్ధములతో కొలిచినను కొరత యేమియు లేదు. కాని ఆయన వంశము 1323లో అంతరించి, కోట శిథిలమై, ఏడువందల యేండ్లు గడచినను, ఆయన కాలమున వెలసిన చెరువుల క్రింద నేటికిని పైరులు పండుచునే యున్నవి. కావున నీ మహనీయుని జీవితమును చెరువుకట్ట మీద నిలిచి చూచుటయే యుక్తము.

గణపతిదేవుడు మహాదేవరాజు కుమారుడు. దేవగిరి యాదవులతోడి పోరున తండ్రి మడియగా గణపతి శత్రువులకు బందీ యయ్యెను. రాజు లేని రాజ్యమును సేనాని రేచర్ల రుద్రుడు కాపాడెను. యాదవరాజు జైతుగి విడిచిపుచ్చగా, గణపతి 1199లో సింహాసన మెక్కి అరువదియేండ్లకు పైగా పాలించెను. వెలనాటిని, దివిసీమను వశపరచుకొని, అచ్చటి నాయకకన్యలగు నారమ్మ, పేరమ్మలను వివాహమాడి, వారి సోదరుడు జాయపను గజసేనకు అధిపతిని గావించెను. తుపానులో చెడిన ఓడల సరకును రాజులు హరించు దురాచారమును మాన్పి, 1244లో మోటుపల్లి రేవున వర్తకులకు అభయశాసనము వేయించెను. పుత్రసంతానము లేనందున కుమార్తె రుద్రమదేవికి రాజ్యభారము నొప్పగించెను. అవసానదశలో ముత్తుకూరు కడ పాండ్యుల చేత ఓటమి పొందెను. గెలిచిన రాజ్యము కొంత ఆయన కన్నుల యెదుటనే జారిపోయెను. జారిపోనిది చెరువునీరు.

ఆయన యేలిన సీమ స్వభావమును గ్రహింపనిదే ఈ మాట బోధపడదు. గోదావరీ కృష్ణలు రెండు ప్రక్కల పల్లమున పారును. నడుమ నున్నది రాతినేల, మెరక. వానకాలమున వాగులు పొంగి పోవును. వేసవి నాటికి ఇసుక మిగులును. అట్టి నేలపై బ్రదుకవలెనన్న పడిన వానను పడినచోటనే ఆపవలెను. అందుచే ఒక చెరువు మత్తడి దూకిన నీరు దిగువ చెరువునకు చేరునట్లు గొలుసుకట్టు చెరువులు వెలసినవి. తటాకనిర్మాణము సప్తసంతానములలో ఒకటని పెద్దలు నమ్మిరి. రాజు ఆ మార్గమున నడువగా పరివారమును నడిచినది. రేచర్ల రుద్రుడు పాలంపేటలో 1213లో కట్టించిన ఆలయమును 2021లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి. ఆ యాలయము చెంతనే రామప్ప చెరువు గలదు. జగదల ముమ్మడి పాకాల చెరువును కట్టించెను. నేటి మహబూబాబాదు జిల్లా బయ్యారములో ధర్మకీర్తిసముద్రమును త్రవ్వించినది గణపతి సోదరి మైలాంబ. ఆమె శాసనమే కాకతీయుల వంశక్రమమునకు ముఖ్యాధార మయ్యెను. భూపాలపల్లి జిల్లా గణపురమున ఊరును, చెరువును, గణపేశ్వరాలయమును గణప నామమునే ధరించి యున్నవి.

చెరువు కట్టుట కంటె కాచుట కష్టము. కట్ట కోయును, తూము పూడును, అడుగున ఒండ్రు పేరును. నాటివారు ఈ భారమును రాజు దయకు విడువలేదు. చెరువును కట్టినవానికిని, బాగుచేసినవానికిని దశబంధమను పేర ఆయకట్టులో ఒక భాగమును ఏర్పరచిరి. నీటిని పంచు నీరటికానికి పంటలో మేర యుండెను. కాచువానికి వాటా యున్నంతకాలము చెరువు నిలిచినది. ఆ వాటా పోయిననాడు చెరువు దిక్కులేని దయ్యెను.

అయినను నాటి యేర్పాటులో గల లోపమును దాచుట చరిత్రకు ద్రోహము. తూము దిగువనున్న మాగాణి గుడులకును, అగ్రహారములకును, నాయకులకును దక్కెను. మట్టి మోసిన చేతుల పేర్లు ఏ శాసనమునను లేవు. తరువాతి శతాబ్దములలో ఆ నీటిపై పెత్తనము దేశముఖుల పాలై, పేదలపాలికి వెట్టి మిగిలెను. 1946లో జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన పోరాటము వెట్టికిని, భూమికిని సంబంధించినదే. ఇచ్చట భూమి పోరు నీటి పోరు కాకపోదు.

నేడు ఈ సీమ స్థితి యేమి? జనగామ మెరకన రైతు అప్పుచేసి బోరు వేయును; ప్రక్కవాడు అంతకంటె లోతునకు వేయును; ధనవంతుని బోరున నీరుండగా పేదవాని బోరు ఎండును. దేవాదుల ఎత్తిపోతలతో గోదావరినీరు ఈ మెరకకు ఎక్కినను, కాలువ చివరివానికి అందిననాడే దానికి సార్థకత. మహబూబాబాదు జిల్లా జనములో మూడవవంతునకు పైగా గిరిజనులు. తండాలును, కోయగూడెములును మెరకన నుండును. ఆయకట్టు పల్లమున నుండును. 2024 సెప్టెంబరు 1న ఆ జిల్లాలో వరదకు కేసముద్రము చెంత రైలుకట్టయే కొట్టుకొనిపోయెను. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని 2023 జూలై 27న వాగు ముంచగా జనులు మిద్దె లెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. ఆ జిల్లాలోనే బొగ్గుగనులు గలవు. గని యెంత లోతునకు దిగునో చుట్టుపట్ల బావినీరు అంత లోతునకు దిగుట ప్రకృతిధర్మము. వెలుగు నగరములకు, ఎండిన బావి పల్లెకు. ఆ జిల్లా సరిహద్దున గోదావరిపై 2019లో ప్రారంభించిన మేడిగడ్డ ఆనకట్ట స్తంభములు 2023 అక్టోబరులోనే క్రుంగినవి. ఏడువందల యేండ్ల మట్టికట్టను కన్న సీమలో నాలుగేండ్ల కట్టడము క్రుంగుట ఎల్లరును ఆలోచింపదగిన విషయము.

2015లో కాకతీయుల పేరిట చెరువుల పునరుద్ధరణ మొదలిడి, నలుబదియారువేల చెరువులను బాగుచేయ సంకల్పించిరి. ఒండ్రు తీయుట మంచిపనియే. కాని ఒండ్రు మరల చేరును. ఏటేట చెరువును కాచు నీరటికానికి జీతమెక్కడ? శిఖము నాక్రమించిన బలవంతుని తొలగించు అధికార మెవరిది? మత్తడి ఎత్తును నిర్ణయించు సభలో తండావాసికిని, దళితవాడ స్త్రీకిని చోటున్నదా? ఈ ప్రశ్నలకు బదులు చెప్పక కాకతీయుల పేరు పెట్టుకొనుట పేరు కోసమే యగును.

గణపతిదేవుని నుండి మనము గైకొనవలసినది ఒకటి, దిద్దవలసినది ఒకటి గలవు. కాచువానికి వాటా యిచ్చుట గైకొనవలసినది. ఆ వాటా పెద్దలకే పరిమితమగుట దిద్దవలసినది. మైలాంబ త్రవ్వించిన చెరువునకు ధర్మకీర్తి యని పేరు. చెరువు నిండిననాడు కీర్తి దక్కును. చివరిమడికిని, చివరియింటికిని నీరు చేరిననాడే ధర్మమును దక్కును.