గోదావరి నీళ్లు మోసిన యిల్లాలు: కందుకూరి రాజ్యలక్ష్మమ్మగారు



అక్కమహాదేవి, అక్కనాగమ్మ మొదలగు శివశరణుల చరిత్రములను మనవారు పలుమార్లు చెప్పుకొనియున్నారు. ఈ పర్యాయము నేను వ్రాయదలచినది మన మతమున బుట్టని యొక యిల్లాలి చరిత్రము. ఆమె మెడలో ఇష్టలింగము లేదు. అయినను కాయకము, దాసోహము అని మనము నిత్యము పలుకు రెండు మాటలకు అర్థమేమని తరగతిలో పిల్లలు నన్నడిగినప్పుడు, కల్యాణపట్టణము తరువాత నాకు స్ఫురించునది రాజమహేంద్రవరమునందలి యొక యిల్లు. ఆ యింటి యజమాని కందుకూరి వీరేశలింగము పంతులుగారు. పేరును బట్టి వారు మనవారే యని తలచువారు మనలో కలరు. అది వారి తాతగారి పేరు. వారు నియోగి బ్రాహ్మణులు. పంతులుగారి చరిత్రము పాఠ్యపుస్తకములందే యున్నది గనుక దానిని విస్తరింపను. ఆ యింటి యిల్లాలు రాజ్యలక్ష్మమ్మగారిని గూర్చియే నా ప్రయత్నము.

రాజ్యలక్ష్మమ్మగారు 1851వ సంవత్సరమున జన్మించిరి. పుట్టినింటివారు పెట్టిన పేరు బాపమ్మ. ఆనాటి ఆచారము ననుసరించి బాల్యముననే, 1861లో, వివాహము జరిగినది. వరునకప్పటికి పదమూడేండ్లు. ఆ బాలుడు నాలుగేండ్ల ప్రాయముననే తండ్రిని గోల్పోయి, తల్లి పున్నమ్మగారి చేతిలోను, పెదతండ్రిగారి పోషణలోను పెరిగినవాడు. అత్తవారింట కోడలి పేరు రాజ్యలక్ష్మి యయినది. బాల్యవివాహములను ఖండించుచు తరువాతి కాలమున ఎన్నో వ్యాసములు వ్రాసిన పంతులుగారిదియు బాల్యవివాహమే యగుట గమనింపదగినది. ఆమెకు చదువు భర్తగారి వలననే యబ్బినది. సంతానము కలుగలేదు.

1874లో పంతులుగారు ధవళేశ్వరమున పాఠశాలలో పని చేయుచు బాలికలకొక పాఠశాలను స్థాపించిరి. ఆ యేడే వివేకవర్ధనీ పత్రికను ప్రారంభించిరి. ఆడపిల్లకు చదువేల యని ఊరు గొణిగినది గాని, అంతటితో నూరకుండెను. ఊరునకు నిజముగా కోపము వచ్చినది 1879లో పంతులుగారు వితంతు వివాహము శాస్త్రసమ్మతమని ఉపన్యసించినప్పుడు. వితంతువులు పునర్వివాహము చేసికొనవచ్చునని దొరతనమువారు 1856లోనే చట్టము చేసియుండిరి. వంగదేశమున ఈశ్వరచంద్ర విద్యాసాగరులు దానికై పోరాడి గెలిచిరి. కాని చట్టము కాగితము మీద నుండగా, మన గోదావరీ తీరమున ఎనిమిదేండ్లకు, పదేండ్లకు భర్తను గోల్పోయిన పసిపిల్లలు తలలు గొరిగించుకొని, ఒంటిపూట తిని, వంటింటి మూలలయందే ముసలివారగుచుండిరి. ఉపన్యాసమునకు చప్పట్లు కొట్టినవారు చాలమంది యుండిరి. పిల్లనిచ్చువారు, పెండ్లి యింట భోజనము చేయువారు కావలసివచ్చినప్పుడు గదా అసలు సంగతి బయటపడినది!

1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిగినది. వధువు కృష్ణా మండలమునుండి వచ్చిన గౌరమ్మ యను బాలవితంతువు. వరుడు గోగులపాటి శ్రీరాములుగారు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. పంతులుగారి శిష్యులైన విద్యార్థులు కావలి కాచిరి. అల్లరి జరుగునను భయముచే పోలీసువారి సహాయమును గూడ కోరవలసివచ్చెను. పురోహితుడు దొరకుటయే కష్టమయ్యెను. ఇవన్నియు చరిత్ర గ్రంథములలో నున్నవి. ఆ దినమున పెండ్లికూతునకు తలంటిపోసిన దెవరు? పెండ్లివంట యెవరి చేతిమీదుగా సాగినది? ఈ ప్రశ్నలడుగువారు తక్కువ.

పెండ్లి జరిగిన పిమ్మట వెలి వచ్చినది. పీఠాధిపతుల పేర బహిష్కార పత్రికలు వెలువడగానే, నిన్నటివరకు ప్రక్కన నిలిచిన పెద్దమనుష్యులలో పలువురు ప్రాయశ్చిత్తము చేయించుకొని వెనుకకు మరలిరి. వారిని నేను మిక్కిలిగా నిందింపజాలను. ఇంట పెండ్లికెదిగిన కూతురున్నవానికి వెలి యనగా నేమో మన పల్లెలలో పుట్టినవారందరికిని తెలియును. వంటవారు మానిరి. నీళ్లు తెచ్చువారు మానిరి. ఇరుగుపొరుగువారు తమ నూతిలో చేద వేయనీయలేదు. అపుడు రాజ్యలక్ష్మమ్మగారు బిందె చంకనెత్తుకొని గోదావరికి బోయి నీళ్లు మోసికొని వచ్చిరి. ఒక దినము కాదు, రెండు దినములు కాదు. తమ యిద్దరికి మాత్రమే గాక, ఇంట తలదాచుకొన్న ఆడుబిడ్డలకు, పెండ్లికని వచ్చినవారికి, చేయూతనిచ్చు విద్యార్థులకు కావలసిన నీళ్లన్నియు ఆ బిందెతోనే రావలెను. వంటయు ఆమెయే. ఏటిగట్టున సాటి స్త్రీలు మొగము త్రిప్పుకొనుచుండగా మెట్లెక్కి వచ్చుట యెంత కష్టమో, సభలో పండితులతో వాదించువారికి తెలియునా యని నాకు సందేహము. సభలో ప్రతివాదికి బదులు చెప్పవచ్చును. మొగము త్రిప్పుకొన్నవారికేమి బదులు చెప్పవలెను?

భర్తను విడిచి వచ్చిన యెడల ఆదరింతుమని బంధువులు ఆమెను పిలిచిరి. ఆమె వెళ్లలేదు. భర్త మాట జవదాటని పతివ్రత గనుక వెళ్లలేదని వ్రాయుట పరిపాటి. ఆ మాట నాకు చాలదని తోచుచున్నది. భర్త కొరకు మాత్రమే యైనచో మౌనముగా సహించి యూరకుండవచ్చును. ఆమె యట్లుండలేదు. దారితప్పి గర్భవతులై, ఇంటివారు గెంటివేసిన వితంతువులను లోనికి గొనివచ్చి, ఆమెయే పురుడు పోసెను. తల్లులు వదలిన పసికందులను పెంచెను. ఇట్టి యింటిలో కాలు పెట్టుటయే పాపమని ఊరు పలుకు కాలమున, మైల యను మాటను ప్రక్కకు నెట్టి ఆ పని చేసినది పుస్తకములు చదివిన పంతులుగారు కాదు, ఈమె. పురిటిమైల, ముట్టుమైల మొదలగు పంచసూతకములు లింగధారులకు లేవని మన శరణులు పండ్రెండవ శతాబ్దముననే చాటిరి. లింగమును ధరింపని యీ తల్లి దానిని చేతలలో చూపెను.

ఇచ్చట మన యిండ్ల సంగతి యొకటి చెప్పక తప్పదు. మన ఆడుబిడ్డకు పుట్టుకతోనే లింగధారణ మగపిల్లవానితో సమానముగా జరుగును. ఇది మనకు గర్వకారణమే. కాని భర్త పోయిన స్త్రీ శుభకార్యమున ఎచ్చట కూర్చుండుచున్నది? మెడలో లింగమున్నను, పెండ్లిపందిరిలో ఆమె యెదురు వచ్చినచో మొగము చిట్లించుకొను పెద్దలను నేను చూచితిని. వారిలో వచనములు కంఠస్థమైనవారును కలరు. ఈ మాట కొందరకు కష్టము కలిగించునని యెరిగియే వ్రాయుచున్నాను.

పంతులుగారి పూనికతో సుమారు నలువది వితంతు వివాహములు జరిగినవని చెప్పుదురు. అన్నియు సుఖాంతములు కాలేదు. ధనాశతో వచ్చిన వరులుండిరి. మేలు పొంది, తరువాత నిందలు మోపినవారుండిరి. పెండ్లి చేసి పంపిన పిల్ల కన్నీళ్లతో మరల వచ్చినప్పుడు ఆమెను ఓదార్చి అన్నము పెట్టుట మరల ఆ వంటింటి పనియే. సంస్కరణమును వివాహముల లెక్కతో కొలుచువారు ఈ పనిని లెక్కకు తీసికొనరు.

తరువాత పంతులుగారు కొంతకాలము మద్రాసున నివసించిరి. అచ్చటను వితంతువులకు శరణాలయమును నెలకొల్పిరి. 1898లో మద్రాసున జరిగిన సంఘసంస్కరణ మహాసభకు ఆయన అధ్యక్షులు. మరల రాజమహేంద్రవరము చేరి, 1906 డిసెంబరులో హితకారిణీ సమాజమును స్థాపించి, తమ యావదాస్తిని దానికి వ్రాసియిచ్చిరి. వార్ధక్యమున చేతిలో చిల్లిగవ్వ యుంచుకొనక సర్వమును సంఘమునకు సమర్పించుట భర్త యొక్కరి నిర్ణయము వలన నిలుచునది కాదు. బిడ్డలు లేని ముసలియిల్లాలు అడ్డుచెప్పినచో తప్పుబట్టువారెవరు? ఆమె అడ్డుచెప్పలేదు. మనవారు దాసోహమనునది దీనినే గదా!

1910 ఆగష్టులో రాజ్యలక్ష్మమ్మగారు పరమపదించిరి. పంతులుగారు మరి తొమ్మిదేండ్లు జీవించి 1919 మే 27న మద్రాసున కన్నుమూసిరి.

వారికి సంతానము లేదంటిని. కాని ఆ పని సంతతి లేక పోలేదు. గుంటూరున ఉన్నవ లక్ష్మీనారాయణగారును, వారి భార్య లక్ష్మీబాయమ్మగారును పంతులుగారి మార్గముననే నడచి, వితంతువులకు ఆశ్రయమిచ్చి, వివాహములు చేయించి, 1922లో స్త్రీవిద్యకై శారదానికేతనమును స్థాపించిరి. అచ్చట ఆలుమగలు ఉభయులును సభలలోనికి వచ్చిరి. ఒక తరములో వంటింటికి పరిమితమైన యిల్లాలి పని, మరుతరమున వేదిక యెక్కినది. బండారు అచ్చమాంబగారు దేశదేశముల స్త్రీల చరిత్రములను సంపాదించి అబలాసచ్చరిత్ర రత్నమాలను రచించిరి. చిన్న వయస్సుననే, 1905లో, ఆమె గతించుట తెలుగువారి దురదృష్టము. రాజ్యలక్ష్మమ్మగారు పోవుటకు ముందటి యేడు, 1909లో, అదే రాజమహేంద్రవరమున దుర్గాబాయి పుట్టినది. ఆమెకును బాల్యవివాహమే జరిగినది. పెరిగిన పిమ్మట దానిని కాదని, తన చదువు తాను చదివి, చిన్నతనముననే ఆడవారికి హిందీ పాఠశాల నడపి, మద్రాసున ఆంధ్రమహిళాసభను స్థాపించి, రాజ్యాంగ నిర్మాణ సభలో కూర్చుండినది. గోదావరి గట్టున నీళ్లబిందెకు దారి యీయని ఊరిలోనే ఈ పిల్ల పుట్టినది.

రాజమహేంద్రవరమున పంతులుగారి తోటలో ఆ దంపతుల సమాధులు ప్రక్కప్రక్కన నున్నవి. హితకారిణీ సమాజమువారు నెలకొల్పిన మహిళా కళాశాలకు పెట్టిన పేరు పంతులుగారిది కాదు, రాజ్యలక్ష్మమ్మగారిది.