తిలోనియా రాత్రి బడులకు స్వర్ణోత్సవ అభినందనలు

రాజస్థాన్‌లోని అజ్మీర్ జిల్లా తిలోనియాలో 1975లో మొదలైన రాత్రి బడులకు ఐదు పదులు నిండాయి. పగలంతా మేకల వెంట తిరిగి పొద్దుగూకాక పలక పట్టిన పిల్లలకూ, వాళ్లకు అక్షరాలు దిద్దించిన పల్లె గురువులకూ, ఆ బడుల్లో దీపాలు ఆరిపోకుండా చూసుకున్న చేతులకూ తెలుగు పాఠకుల తరఫున మనసారా అభినందనలు.

ఈ బడులు నడిపింది బేర్‌ఫుట్ కాలేజీ. డూన్ స్కూల్లోనూ, ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కాలేజీలోనూ చదువుకున్న బంకర్ రాయ్ 1972లో దీన్ని స్థాపించారు. మూతపడిన ఒక క్షయ ఆసుపత్రి ఆవరణలో మొదలైంది. ఐఏఎస్ వదులుకొని వచ్చిన అరుణా రాయ్ కూడా తొలినాళ్లలో ఇక్కడే పనిచేశారు. బయటి నిపుణుడు వచ్చి చేసిపెట్టి పోయే పని కన్నా ఊరివాళ్లే నేర్చుకొని చేసుకునే పని నిలుస్తుందన్నది మొదటి నుంచీ వీరి పట్టుదల.

ఈ బడుల్లో చదువంటే ఎక్కాలు, వాచకమే కాదు. పొలం కొలవడం ఎలా, పశువుకు జబ్బు చేస్తే ఏం చేయాలి, పోలీసులు పట్టుకుంటే మనకున్న హక్కులేమిటి అన్నవీ పాఠాలే. పిల్లలే ఓట్లేసి ఎన్నుకునే పిల్లల పార్లమెంటు ఉంది. బడి సరిగ్గా నడుస్తోందా లేదా అని చూసేది ఆ పార్లమెంటులోని బాల మంత్రులే. పొద్దున ఇరవై మేకలను కాసే పన్నెండేళ్ల బాల ప్రధానమంత్రి ఒకమ్మాయి స్వీడన్ వెళ్లి, అక్కడి రాణిగారి ముందు ఏమాత్రం తొణక్కుండా మాట్లాడిందని బంకర్ రాయ్ 2011 నాటి ప్రసంగంలో మురిసిపోతూ చెప్పారు.

మొదట్లో ఈ బడులకు కిరోసిన్ లాంతర్లే గతి. కళ్లు మండించే పొగ, మసక వెలుతురు, ఆపైన చమురు ఖర్చు. 1980ల్లో తిలోనియా ఆవరణ సౌరవిద్యుత్తుకు మళ్లింది. ఆ పనిని తలకెత్తుకున్నది ఇంజనీరింగ్ పట్టభద్రుడు కాదు, ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన ఒక పూజారి. ఆ తరువాత బడులకూ సోలార్ లాంతర్లు వచ్చాయి. వాటిని బిగించేదీ, చెడిపోతే విప్పి బాగుచేసేదీ పల్లె ఆడవాళ్లు, మగవాళ్లు.

సోలార్ పాఠం చేత్తో చేస్తేనే తలకెక్కుతుంది. ఒక్కో సెల్ ఇచ్చేది దాదాపు అర వోల్టు. 12 వోల్టుల బ్యాటరీ ఛార్జి చేయడానికి సాధారణంగా 36 సెల్స్ వరుసగా కలుపుతారు. వాటిలో ఒక్కదాని మీద నీడ పడ్డా ప్యానెల్ మొత్తం నీరసిస్తుంది. దుమ్ము తుడవకపోతే కరెంటు తగ్గుతుంది. పుస్తకంలో చదివి మరిచిపోయే ఈ సంగతులను, మీటరు పట్టుకొని ముల్లు కదలడం చూసిన పిల్ల మరిచిపోదు. తిలోనియాలో అక్షరం రాని అమ్మలు కూడా రంగుల గుర్తులతో, సైగలతో సర్క్యూట్ బోర్డు మీద సోల్డరింగ్ నేర్చుకున్నారు. ఆఫ్రికా పల్లెల నుంచి వచ్చిన మధ్యవయసు స్త్రీలు ఆరు నెలలు ఇక్కడ ఉండి, ఇళ్లకు దీపాలు పెట్టగల ఇంజనీర్లుగా తిరిగి వెళ్లారు. 2008 నుంచి వాళ్ల విమాన ఖర్చులు, శిక్షణ ఖర్చులు భారత ప్రభుత్వం భరించింది.

ఈ పద్ధతిలో దాతలు గమనించవలసింది డబ్బు నడక. దీపం వచ్చిన ప్రతి ఇల్లూ అంతకుముందు కిరోసిన్‌కూ, కొవ్వొత్తులకూ పెట్టిన ఖర్చునే నెలనెలా ఊరి కమిటీకి కడుతుంది. ఇంజనీరమ్మ జీతం, విడిభాగాల ఖర్చు అందులోంచే. ప్యానెల్ పాతికేళ్లు పనిచేస్తుంది గానీ సీసం బ్యాటరీ కొన్నేళ్లకే మార్చాలి, ఫ్యూజు ఏ రాత్రయినా పోవచ్చు. ప్రారంభోత్సవం నాటి విరాళం అక్కడి దాకా రాదు.

మన దగ్గర ఇప్పుడు ఈ ముందుచూపు మరీ అవసరం. 2024లో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకం కోటి ఇళ్ల కప్పుల మీద ప్యానెళ్లు కోరుతోంది. పిల్లలు చేత్తో ప్రయోగాలు చేసుకునే అటల్ టింకరింగ్ ల్యాబ్ మంజూరైన బడికి 20 లక్షల రూపాయల దాకా సాయం ఉంది. కంపెనీల సామాజిక బాధ్యత నిధులున్నాయి, ఊరు విడిచి విదేశాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులున్నారు. వీరంతా బడికి ప్యానెల్ ఇచ్చేటప్పుడు మరో మూడింటికి కూడా డబ్బు కేటాయించాలి: పిల్లలు విప్పి బిగించుకునే చిన్న కిట్లు, నేర్పే టీచరుకు శిక్షణ, ఏటేటా విడిభాగాలకు కొంత సొమ్ము. తిలోనియాను గౌరవించడమంటే ముందు ఈ లెక్క నేర్చుకోవడం.

అభినందన వేళ ఒక భిన్నాభిప్రాయాన్నీ తలుచుకోవాలి, ఎందుకంటే అది తెలుగు నేల మీదే గట్టిగా వినిపించింది. బడికి రాని ప్రతి బిడ్డా బాలకార్మికుడేనని, పగటి పనికి సర్దుకుపోయే రాత్రి బడి పరిష్కారం కాదని రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా, ఆమె నడిపిన ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ వాదించి, పిల్లలను పనుల్లోంచి పగటి బడికి తెచ్చి చూపించారు. 2010లో అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం కూడా పూర్తికాలపు చదువునే హక్కు చేసింది. ఆ వాదన న్యాయమైనది. అయినా పగటి బడి చేరలేని రోజుల్లో, చేరని చోట్ల ఎవరో ఒకరు దీపం పెట్టాలి. తిలోనియా ఆ పని చేసింది. పైగా తిలోనియాది చేతుల చదువు, పగటి బడికీ అంతే పనికొస్తుంది.

కాబట్టి స్వర్ణోత్సవ దీవెన కాస్త వింతగా ఉన్నా అనేస్తాం: రాత్రి బడి అవసరం తొందరగా తీరిపోవాలి. మేకలు కాసే ఆఖరి బిడ్డ కూడా పగటి బడిలో కూర్చోవాలి, ఆ బడి కప్పు మీది ప్యానెల్ చెడిపోతే ఏడో తరగతి పిల్లలే మీటరుతో పైకెక్కి తప్పెక్కడుందో పట్టుకోవాలి.