నౌకాశిల్పి జంషెడ్జీ బొమన్జీ వాడియా

1736లో సూరతునుండి బొంబాయికి వచ్చి నౌకానిర్మాణశాలకుఁ బ్రధానశిల్పి యయిన పారసీకుఁడు లవ్జీ నస్సర్వాన్జీకి జంషెడ్జీ పౌత్రుఁడు. తాత యధికారము నీయక, తొలుత మనుమనిచే సామాన్యపు వడ్రంగులతోఁ బని చేయించెను. ఆ శిక్షయే ఫలించెను. జంషెడ్జీ టేకుమ్రానితో 1810లో మిండెన్, 1817లో ట్రింకోమలీ యను తెరచాప యుద్ధనౌకలను నిర్మించి 1821లో దివంగతుఁడయ్యెను.

ట్రింకోమలీ శిథిలముకాఁగా ఆంగ్లదేశమందలి హార్టిల్‌పూల్ రేవున 1990 మొదలు పదియేండ్లకుఁ బైగా జీర్ణోద్ధరణము గావించిరి. అది నేఁటికిని నీటఁ దేలుచున్నది. ఓడను గట్టుటకే కాదు, కాపాడుటకును చేతినేర్పే కావలెను. అది గ్రంథములవలనఁ గలుగదు. మన కోరంగి తీరమునను ఒకప్పు డోడలు గట్టిరి గదా! పెద్దలుండఁగనే బాలురచేతికి బాడిస నిప్పింపుఁడని సభవారికి మేము విన్నవించుచున్నాము.